గడ్డి మడిలో కలిపితే నాటు ఎందుకు పసుపెక్కుతుంది?

వరి కోత మిషన్ వదిలేసిన గడ్డిని కాల్చకుండా మడిలోనే దున్నేయమంటున్నారు, పక్క రైతు అలా చేస్తే నాటు పసుపెక్కింది, చేయాలా వద్దా అని అడిగారు. చేయండి. ఆయన చేసిన తప్పే మొదటిసారి నేనూ చేశాను, ముందు అది చెబుతాను.

కోతయ్యాక గడ్డిని అలాగే వదిలేశాను. నీళ్లు పెట్టాక రోటావేటర్‌తో దమ్ము చేయిస్తే గడ్డంతా బురదలోకి దిగిపోయింది. ఇంకేముందిలే అని ఐదో రోజే నాట్లు వేయించాను. రెండు వారాలైనా మొక్క తేరుకోలేదు. యూరియా తక్కువైందేమోనని చల్లితే కాస్త పచ్చబడి మళ్లీ మొదటికొచ్చింది. మడిలో కాలు పెడితే బుడబుడా బుడగలు, కుళ్లిన గుడ్డు వాసన. ఒక దుబ్బు పీకి కడిగి చూశాను. తెల్లగా ఉండాల్సిన వేళ్లు నల్లబడి, వేలితో నలిపితే తొక్క ఊడొస్తోంది. ఆ టెన్షన్‌లో నిద్ర కూడా పట్టలేదు.

జరిగిందేమిటంటే, వరిగడ్డిలో నత్రజని ఒక పాలుంటే కర్బనం 60-70 పాళ్లు ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని గడ్డిలో చాలక మట్టిలోదీ, మనం చల్లిన యూరియాలోదీ లాగేసుకుంటాయి. అది ఎక్కడికీ పోదు, తర్వాత నెమ్మదిగా మట్టికే తిరిగొస్తుంది. కానీ మొక్క పిలక వేసే రోజుల్లో చేతికందదు. పైగా నీళ్ల కింద గాలి అందక గడ్డి కుళ్లితే ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. వేళ్లను నల్లబరిచింది అవే. బుడగల్లో ఎక్కువగా ఉండేది మీథేన్.

అప్పుడు చేసిందొక్కటే: నీళ్లన్నీ తీసేసి, మడి సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆగాను. వారం తిరిగేసరికి కొత్త తెల్ల వేళ్లు కనిపించాయి. ఆ తర్వాత వేసిన యూరియా పనిచేసింది. పిలకలు మాత్రం తగ్గాయి, దిగుబడీ తగ్గింది.

ఇప్పుడు కోసిన వారంలోపే, నేలలో పదును ఉండగానే పైపైన దున్నించేస్తాను. నీళ్లు పెట్టకముందే గాలి తగులుతూ సగం కుళ్లాలి. నాటుకు కనీసం మూడు వారాల ఎడం ఉండేలా చూసుకుంటాను. అంతకన్నా ముఖ్యం, మిషన్ వరసలుగా పోసిన గడ్డిని ముందు మడంతా చెదరగొట్టించాలి. ఇది బద్ధకించిన ఏడాది ఆ వరసల మీదే నాటు చారలుగా పసుపెక్కింది, గట్టు మీద నిలబడితే గీతలు గీసినట్టు కనిపించేది. యూరియా మొత్తం పెంచను, మొదటి దఫాలో కొంచెం ఎక్కువ వేసి చివర్లో అంత తగ్గిస్తాను. పిలకల దశలో ఒకసారి మడి ఆరబెడతాను.

ఇంత శ్రమ దేనికంటే, టన్ను గడ్డిలో సుమారు 5-8 కిలోల నత్రజని, 14-20 కిలోల పొటాష్, 40 కిలోలకు పైగా సిలికా ఉంటాయి. ఎకరానికి రెండున్నర టన్నుల ధాన్యం పండితే గడ్డీ ఇంచుమించు అంతే వస్తుంది. అంటే అందులో ఉన్న పొటాష్ ఒక బస్తా పొటాష్ ఎరువులో ఉండేదానికి తక్కువ కాదు. కాలిస్తే నత్రజని దాదాపు అంతా గాలిలో కలిసిపోతుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగిలినా, ఆ బూడిద కుప్ప పడ్డ చోటే ఉంటుంది, లేదా నీళ్లతో కొట్టుకుపోతుంది.

మొదటి పంటకే దిగుబడి పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. నాకు మూడో ఏడు నుంచే తేడా తెలిసింది, అదీ ముందు మట్టిలోనే: ఎండిన మట్టిగడ్డ చేత్తో నొక్కితే పొడిపొడి అవుతోంది. భూసార పరీక్ష చేయించాకే పొటాష్ తగ్గించాను.

పాముపొడ తెగులు గట్టిగా తగిలిన మడి గడ్డిని మాత్రం కలపకండి. ఆ తెగులు తెచ్చే బూజు గట్టి ముద్దలుగా మారి మట్టిలో ఉండిపోయి తర్వాతి పంటకు ఎక్కుతుంది. కోతకూ నాటుకూ మధ్య పది రోజులే దొరికినా అంతే, గడ్డి బయటికి తీసి పశువులకో కంపోస్టు గుంతకో వేసి, కొయ్యకాళ్లు మాత్రం దున్నేయండి.