మీ ప్రశ్న – మా సమాధానం: ఉపగ్రహంలో లినక్స్ ఎక్కడ ఉండాలి?

ప్రశ్న: మా ఇంజనీరింగ్ కళాశాలలో కొందరం కలిసి ఒక క్యూబ్‌శాట్ (ఘనాకారపు బుల్లి ఉపగ్రహం) తయారు చేయాలని సంకల్పించాం. అందులోని కంప్యూటర్‌కు లినక్స్ వాడదామని మేము అంటుంటే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అంతరిక్షంలో పనికిరాదని మా మాస్టారు అంటున్నారు. ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల) ఆపరేటింగ్ సిస్టమ్‌లను పెద్ద సంస్థలు నిజంగా వాడుతున్నాయా?
– ఒక విద్యార్థిని, వరంగల్

సమాధానం: వాడుతున్నాయి. స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 9 రాకెట్టు, వ్యోమగాములను మోసుకుపోయే డ్రాగన్ నౌక, స్టార్‌లింక్ ఉపగ్రహాలు లినక్స్‌తోనే నడుస్తున్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ ఉపగ్రహాలలో, లియాన్ అనే ప్రాసెసర్ల మీద, ఆర్‌టెమ్స్ అనే ఓపెన్ సోర్స్ రియల్ టైమ్ (ప్రతి పనీ గడువులోపు జరిగేలా చూసే) ఆపరేటింగ్ సిస్టమ్ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది: 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ20 మోసుకుపోయిన బ్రిటిష్ బుల్లి ఉపగ్రహం స్ట్రాండ్-1లో ఆండ్రాయిడ్‌తో నడిచే ఒక మామూలు నెక్సస్ వన్ ఫోను ఉంది.

అయితే మీ మాస్టారి సందేహాన్ని కొట్టిపారేయలేం. ‘ఉచితం’ అన్న అభ్యంతరం నిలవదు గానీ, దాని వెనుక ఉన్న భయం సరైనదే. సాధారణ లినక్స్ పెళ్లి పంక్తిలో వడ్డన చేసే మనిషి వంటిది. ఎవరూ ఆకలితో లేవకుండా అందరికీ తలా కాస్త వడ్డిస్తూ పోతుంది. ఉపగ్రహ దిశను సరిచేసే ప్రోగ్రాముకు ఆ న్యాయం చాలదు. దాని వంతు ఫలానా మిల్లీసెకనులోపు వచ్చి తీరాలి. సగటున త్వరగా వస్తుందన్న హామీ అక్కడ అక్కరకు రాదు. ఈ లోటును పూడ్చడానికి ప్రీఎంప్ట్-ఆర్‌టీ అనే మార్పుల సంపుటిని దాదాపు ఇరవై ఏళ్లపాటు లినక్స్ కెర్నెల్‌కు (సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగానికి) బయట నిర్వహించారు. 2024 నవంబరులో విడుదలైన లినక్స్ 6.12తో అది ప్రధాన కెర్నెల్‌లోనే చేరింది. స్పేస్‌ఎక్స్ వాడేదీ ఈ మార్పులతో కూడిన లినక్స్‌నే. ఆ సంస్థ బయట దొరికే డిస్ట్రిబ్యూషన్‌ను (ఇతరులు సిద్ధంగా కూర్చి ఇచ్చే లినక్స్‌ను) దేనినీ తీసుకోకుండా, కెర్నెల్ ప్రతిని తానే నిర్వహించుకుంటుందన్న సంగతిని కూడా గమనించండి.

నా దృష్టిలో మీకు అన్నిటికంటే పనికివచ్చే పాఠం అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌లో ఉంది. అందులో ఫోన్లలో వాడే స్నాప్‌డ్రాగన్ 801 ప్రాసెసర్ మీద లినక్స్ నడిచింది. దానిపైన నాసా ప్రయోగశాల జేపీఎల్ రూపొందించి అందరికీ విడుదల చేసిన ఎఫ్ ప్రైమ్ అనే ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ చట్రం ఉంది. కానీ రెక్కల కోణాన్ని క్షణక్షణం సరిదిద్దే పనిని లినక్స్‌కు అప్పగించలేదు. దానికి భద్రత కీలకమైన పనుల కోసమే తయారైన వేరే మైక్రోకంట్రోలర్లను (ఒకే చిప్‌లో ఇమిడే చిన్న కంప్యూటర్లను) పెట్టి, కెమెరా చిత్రాలను విశ్లేషించే బరువైన లెక్కలను మాత్రం లినక్స్ వైపు ఉంచారు. 2021 మే 22న జరిగిన ఆరో విహారంలో ఒకే ఒక చిత్రం దారిలో జారిపోయింది. ఆ తరువాతి చిత్రాలన్నింటికీ తప్పు సమయాలు అంటుకోవడంతో, హెలికాప్టర్ తానున్న చోటును తప్పుగా అంచనా వేసుకుంటూ ఊగిసలాడింది. అయినా క్షేమంగా దిగింది. ఎందుకంటే దిగే చివరి దశలో కెమెరాను నమ్మకూడదని రూపకర్తలు ముందే నిర్ణయించుకున్నారు. అయిదు విహారాల కోసం పంపిన ఆ యంత్రం 2024 జనవరి వరకు 72 సార్లు ఎగిరింది.

డబ్బు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ అయితే నిశ్చింతగా ఉండవచ్చనుకోవడమూ పొరపాటే. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన మార్స్ పాత్‌ఫైండర్‌లో వీఎక్స్‌వర్క్స్ అనే వాణిజ్య సిస్టమ్ ఉండేది. దిగిన కొద్ది రోజులకే కంప్యూటర్ తనంతట తాను రీసెట్ అవడం మొదలైంది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యం గల పని ఒక మ్యూటెక్స్‌ను (ఉమ్మడి వనరును ఒకసారికి ఒక్క పనే వాడేలా చూసే తాళాన్ని) పట్టుకుని ఉండగా, మధ్య స్థాయి పనులు దాన్ని ముందుకు కదలనివ్వలేదు. ఆ మ్యూటెక్స్ కోసమే ఎదురుచూస్తున్న అతి ముఖ్యమైన పని గడువు తప్పింది. దీనికి మందు ఆ సిస్టమ్‌లోనే ఉంది: మ్యూటెక్స్‌ను పట్టుకున్న పనికి తాత్కాలికంగా పై ప్రాధాన్యం ఇచ్చే సదుపాయం. దాన్ని ఆన్ చేయకుండా వదిలేశారు, అంతే. ఇంజనీర్లు భూమి మీద అదే లోపాన్ని మళ్లీ పుట్టించి చూసి, సవరణను అంగారకుడికి పంపారు.

కాబట్టి మీరు ముందుగా తేల్చుకోవలసినది ఏ పని గడువు తప్పితే ఉపగ్రహం చేజారుతుందన్నది. విద్యుత్తు, దిశా నియంత్రణ, భూకేంద్రం ఆదేశాల స్వీకరణ వంటి వాటిని ఫ్రీఆర్‌టీఓఎస్ అనే మరో రియల్ టైమ్ సిస్టమ్ లేదా ఆర్‌టెమ్స్ నడిచే చిన్న మైక్రోకంట్రోలర్‌కు ఇవ్వండి. ఫొటోలు తీసి కుదించే పేలోడ్ కంప్యూటర్‌లో లినక్స్ హాయిగా ఉంటుంది. అది మొరాయిస్తే మైక్రోకంట్రోలర్ దాని విద్యుత్తును ఆపి మళ్లీ ఇచ్చేలా అమర్చండి. రేడియేషన్ తాకి మెమరీలో బిట్లు తారుమారు కావడం అన్ని సిస్టమ్‌లకూ ఉన్న బెడదే గనుక వాచ్‌డాగ్ టైమర్‌ను (కంప్యూటర్ స్తంభిస్తే రీసెట్ చేసే ఏర్పాటును), బూట్ ఇమేజ్‌కు (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు చదివే సాఫ్ట్‌వేర్‌కు) రెండో ప్రతిని మరవకండి. నాసా గొడార్డ్ కేంద్రం అభివృద్ధి చేసిన సీఎఫ్‌ఎస్ అనే చట్రాన్ని కూడా చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ అప్లికేషన్‌కూ మధ్య అది ఒక పొరను ఉంచుతుంది గనుక, లినక్స్ ల్యాప్‌టాప్‌లో రాసి పరీక్షించిన కోడ్‌ను పెద్దగా తిరగరాయకుండా ఆర్‌టెమ్స్ మీదకు తీసుకువెళ్లవచ్చు.

ప్రశ్న: సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తే ఉపగ్రహాన్ని ఎవరైనా హ్యాక్ చేయరా?
– ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఉపగ్రహానికి ఆదేశం పంపాలంటే రేడియో ద్వారానే పంపాలి, ఆ ఆదేశం అసలైన భూకేంద్రం నుంచే వచ్చిందని రహస్య కీతో నిర్ధారించుకునే ఏర్పాటు ఉంటే, కోడ్ చదివినంత మాత్రాన ఎవరికీ పట్టు చిక్కదు. ఆ ఏర్పాటు లేకపోతే కోడ్‌ను ఎంత దాచినా ఫలితం లేదు. ఇక లైసెన్సు విషయమూ కొందరిని భయపెడుతుంది. లినక్స్‌కు వర్తించే జీపీఎల్ అనే లైసెన్సు ప్రకారం, మార్చిన ప్రోగ్రామును ఇతరులకు ఇచ్చినప్పుడే దాని సోర్స్‌ను కూడా వారికి ఇవ్వాలి. సొంత ఉపగ్రహంలో పెట్టుకుని వాడుకునే సంస్థ తన మార్పులను లోకానికంతటికీ వెల్లడించనక్కరలేదు. ఉపగ్రహాన్ని మరొకరికి అమ్మితే మాత్రం కొనుగోలుదారుకు ఆ హక్కు వస్తుంది.