నీలి గుడ్లు పెట్టే కోళ్ల జాతిని సొంతంగా తయారు చేయాలంటే ఎన్నేళ్లు పడుతుంది?

నీలి గుడ్డు పెట్టే పెట్ట ఒకటి దొరికిందని, దానితో సొంత జాతిని తయారు చేయాలని ఉందని అడిగారు. గుడ్డుకు నీలి రంగు రప్పించడానికి ఏడాది చాలు. జాతి అనిపించుకోవడానికి పదేళ్లు పెట్టుకోండి. ఆ తేడా అంతా పుంజు దగ్గరే ఉంది.

మేము టెక్సాస్‌లో ఉంటాం, పెరట్లో కోళ్లను పెంచుతాను. నీలి గుడ్ల జాతి అయిన అమెరౌకానా పుంజునొకదాన్ని తెల్ల గుడ్లు పెట్టే లెగ్‌హార్న్ పెట్టలతో కలిపాను. పుట్టిన పెట్టలన్నీ లేత నీలి గుడ్లే పెట్టాయి. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా రంగు కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. వాటిని వాటిలోనే కలిపి తీసిన రెండో తరంలో ఒక పుంజు వచ్చింది. డేగ రంగు, నిండైన రొమ్ము, తలపై బఠానీ తురాయి, అంటే మూడు పొట్టి వరుసలుగా ఉండే ఎర్ర తురాయి. ఆ తురాయి జన్యువు, నీలి గుడ్డు జన్యువు ఒకే క్రోమోజోముపై పక్కపక్కనే ఉంటాయి, ఎక్కువగా కలిసే వస్తాయి కనుక ఆ తురాయిని నమ్మి మంద మొత్తానికి ఆ పుంజునే పెట్టాను.

ఆరు నెలల తర్వాత ఒక ఉదయం, దాని కూతుళ్ల గూట్లో తెల్ల గుడ్డు కనిపించింది. పగలగొట్టి, లోపలి పొరను గోటితో ఒలిచి, పెంకును కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. నీలి గుడ్డు పెంకు లోపలి వైపు కూడా నీలంగానే ఉంటుంది, ఎందుకంటే బిలివెర్డిన్ అనే రంగు పెంకంతా ఇంకుతుంది. గోధుమ రంగు మాత్రం పైపూతే. నీలి పెంకుపై ఆ పూత పడితే ఆకుపచ్చ గుడ్డు వస్తుంది. నా చేతిలోని పెంకు లోపలా బయటా తెల్లగా ఉంది. అంటే పుంజులో నీలి జన్యువు ఒక్కటే ఉంది, రెండు లేవు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

పుంజు గుడ్డు పెట్టదు కనుక పరీక్ష ఒక్కటే దారి. తెల్ల గుడ్ల పెట్టలతో కలిపి, కూతుళ్లు గుడ్లకు వచ్చేదాకా ఆగాలి. ఒక్క తెల్ల గుడ్డు వచ్చినా ఆ పుంజును పక్కన పెట్టాల్సిందే. ఎనిమిది కూతుళ్లూ నీలి గుడ్లే పెడితే నమ్మవచ్చు. ఒక్క జన్యువే ఉన్న పుంజుకు అలా జరిగే అవకాశం 256లో ఒకటి. ఇంత ఓపిక లేనివాళ్లు మొదటి సంకరానికే పేరు పెట్టి పిల్లలను అమ్మేస్తున్నారు. అమెరౌకానా అని నాకు అంటగట్టిన పిల్లల్లో సగం గోధుమ గుడ్లు పెట్టాయి. డబ్బు కన్నా, పోయిన ఏడాదికి ఎక్కువ బాధపడ్డాను.

పేరున్న నీలి గుడ్ల జాతులకూ ఏళ్లు పట్టాయి. కేంబ్రిడ్జ్‌లో పన్నెట్, పీజ్ వంటి జన్యుశాస్త్రవేత్తలు 1930లలో మొదలుపెట్టిన పని నుంచి వచ్చిన క్రీమ్ లెగ్‌బార్ అనే జాతికి బ్రిటన్‌లో ప్రమాణం, అంటే ఆ జాతి ఎలా ఉండాలో చెప్పే అధికారిక వివరణ, దక్కింది 1958లో. అమెరౌకానాకు అమెరికాలో గుర్తింపు వచ్చింది 1984లో.

ప్రమాణం రాసుకునేటప్పుడు అందం కోసం ప్రాణం తీసే లక్షణాన్ని దయచేసి చేర్చకండి. అమెరికా ప్రమాణంలో అరౌకానా అనే మరో నీలి గుడ్ల జాతి కోడికి చెవుల దగ్గర ఈకల కుచ్చులు ఉండాలి. ఆ జన్యువు రెండువైపుల నుంచీ వచ్చిన పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. అందుకే ఆ కుచ్చు ఎన్ని తరాలైనా స్థిరపడదు. పొదిగిన ఇరవై ఒకటో రోజున పగలని గుడ్లను విప్పి చూసినవాళ్లెవరూ దాన్ని అందమనరు.

ఇప్పుడు కొత్త పుంజును పరీక్షిస్తున్నాను. దాని కూతుళ్లలో ఆరు గుడ్లకు వచ్చాయి, ఆరూ నీలివే. ఇంకో రెండు పెట్టాలి.