ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) పరీక్షకు రోడ్డు గుర్తులన్నీ బట్టీ పట్టాలా?

అక్కర్లేదండీ, ఆకారం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఎర్ర అంచు త్రికోణం హెచ్చరిక, గుండ్రంది ఆజ్ఞ, నీలం పలక సమాచారం. తలకిందుల త్రికోణం మాత్రం ‘దారి ఇవ్వండి’ అనే ఆజ్ఞే.

మన తిరుపతివాళ్లు జాగ్రత్తగా చదవాల్సింది ఘాట్ రోడ్డు నియమం. తిరుమలకు ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు కాబట్టి ఎదురు బండి అలవాటు మనకుండదు. అదే హార్సిలీ హిల్స్‌కు వెళ్తే రాకపోకలు ఒకే రోడ్డు మీద. ఇరుకు చోట దిగేవాళ్లే ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. ఏటవాలులో ఆగిన బండి మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారుతుంది కూడా. దిగేటప్పుడు దయచేసి న్యూట్రల్ వేయకండి. తక్కువ గేరులో ఉంటే ఇంజనే వేగాన్ని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాకే లైసెన్సు టెస్టు. అప్పటిదాకా పక్కన లైసెన్సున్నవాళ్లు లేకుండా కారు తీయొద్దు.