అమ్మణ్ణికి, అడ్వాన్సు ఇచ్చే ముందు

అమ్మణ్ణీ,

ఆ అయిదు సంపుటాల నవలలోని మాయాలోకాన్ని బల్ల మీద ఆడే ఆటగా చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మనింట్లో ఇలాంటి పని తలపెట్టినదానివి నువ్వే, సంతోషం పట్టలేకపోయాను. అప్పుడే తిరుపతి ప్రెస్సులో 500 పెట్టెలకు బేరమాడావని కూడా చెప్పింది. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. రూపాయి అడ్వాన్సు ఇవ్వకు.

నవలను ఆటగా చేసుకోవడానికి ముందు రచయిత సంతకంతో అనుమతి కావాలి. ఫోన్లో సరేనంటే చాలదు, 1957 కాపీరైట్ చట్టం అది రాతపూర్వకంగా ఉండాలంటుంది. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకే. కార్డుల మీద పుస్తకంలోని వాక్యాలు వేసుకోవచ్చా అన్నది విడిగా రాయించుకో. ముఖచిత్రం హక్కు ఎవరిదో వేరే కనుక్కో.

ఇలాంటి ఆటలు ఎక్కువగా చెడిపోయేది ఒక్కచోటే. కథను వరసగా గళ్లలో పరిచేస్తారు. మొదటి గడిలో గురుకులం, చివరి గడిలో రాక్షసుడి కోట. అదిక వైకుంఠపాళే: పందెం చెప్పినట్టు నడవడం తప్ప ఆడేవాళ్లు తేల్చుకునేదేమీ ఉండదు. పుస్తకం చదివినవాడికి కోటలో ఏముందో ముందే తెలుసు. చదవనివాడికి అక్కడికెందుకు పోతున్నామో తెలీదు. పైగా నాయకుడు ఒక్కడే, నలుగురు కూర్చుంటే ముగ్గురు వాడి మూటలు మోయాల్సిందే.

కథను వదిలెయ్ తల్లీ. ఆ లోకంలో మంత్రానికి చెల్లించే వెలను పట్టుకో. మంత్రం వేసినప్పుడల్లా ఒక జ్ఞాపకం పోతుంది కదా, నీ ఆటంతా అందులోనే ఉంది. తలా ఆరు జ్ఞాపకాల కార్డులివ్వు: అమ్మ పేరు, ఊరి దారి, నేర్చిన విద్య, చేసిన బాస, ఇలా. మంత్రం వేస్తే ఒకటి బోర్లించాలి, ఏదన్నది వాళ్లిష్టం. దారిని బోర్లిస్తే ఇక ఒక్కో గడే నడవాలి. బాసను బోర్లిస్తే పక్కవాడికి సాయం చేయడానికి లేదు. ఏది పోగొట్టుకోవాలో తేలక కార్డు మీద చెయ్యి ఆగిందంటే నీ ఆట పండినట్టే. కాలం మొదటి సంపుటానికి ముందు పెట్టు, పుస్తకంలో పేరు మాత్రమే వినబడే ఊళ్లలో నడిపించు.

ఇక పాచికలు. గండం దాటాలంటే 9 పడాలని పెట్టావనుకో, రెండు పాచికలతో 9 గానీ అంతకు మించి గానీ పడేది 36లో 10 సార్లే. పడినదానికి ఒకటి కలిపితే 15, రెండు కలిపితే 21, మూడు కలిపితే 26. కత్తికొకటి, కవచానికొకటి, ఉంగరానికొకటి పెంచుకుంటూ పోయావా, భయమే మిగలదు. ఒక్కటికి మించి కలపనివ్వకు.

నమూనాకు పాత పేకముక్కలు, ప్లాస్టిక్ తొడుగులు, చింతపిక్కలు చాలు. కార్డు 63 మి.మీ. వెడల్పు, 88 ఎత్తు. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లీషుకు పెట్టినంత ఖాళీయే పెడితే వరసలు ఒకదానికొకటి తగులుకుంటాయి. ప్రెస్సుకు పీడీఎఫ్ ఇవ్వు. కంప్యూటర్లో నువ్వు కొట్టిన యూనికోడ్ అక్షరాలను ప్రెస్సులు వాడే ‘అను’ ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు చెదరొచ్చు. నాలుగు వైపులా 3 మి.మీ. రంగు అదనంగా వదులు, లేదంటే కోతలో తెల్ల అంచు బయటపడుతుంది.

తర్వాత ఎస్వీయూ హాస్టల్లో నలుగురికి నియమాల కాగితం చేతికిచ్చి నోరు మూసుకుని కూర్చో. ఇద్దరైనా పుస్తకం చదవనివాళ్లు ఉండాలి. ఎక్కడ ఆగి నీ మొహం చూస్తారో ఆ వాక్యం తిరగరాయి.

ఉద్యోగం మాత్రం మానకు. గంగ జాతరకు వచ్చేటప్పుడు నమూనా, రచయిత ఉత్తరం రెండూ తీసుకురా. ఉత్తరం ముందు చూస్తాను.

పెదనాయన,
చిత్తూరు