సూడోమెట్రిక్ నుంచి మెట్రిక్: ‘వెల్ డిఫైన్డ్’ అని చూపకపోతే ఏమవుతుంది?

సూడోమెట్రిక్ అంటే మెట్రిక్ లాంటి దూరమే, కాకపోతే వేరువేరు బిందువుల మధ్య కూడా సున్నా కావచ్చు. మధ్య దూరం సున్నా ఉన్న బిందువుల్ని ఒకే క్లాసులో వేసి, [క], [చ] అనే క్లాసుల (క ఉన్న క్లాసు, చ ఉన్న క్లాసు) మధ్య దూరం అంటే క, చల మధ్య దూరమైన దూ(క, చ) అని రాసేస్తే అయిపోయిందిగా, మళ్లీ వెల్ డిఫైన్డ్ అని, అంటే క్లాసులోంచి ఏ బిందువుని తీసుకున్నా జవాబు మారదని చూపడం దేనికి అని కదా మీ ప్రశ్న. గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రంపూట ఎమ్మెస్సీ పిల్లలకు టోపాలజీ చెబుతుంటాను. ఈ ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. ఆ మెట్టు రాయకుండా దాటేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

దూ(క, చ) = 0 అనేది ఈక్వివలెన్స్ రిలేషన్ (బిందువుల్ని క్లాసులుగా విడగొట్టే సంబంధం) అని చూపడం తేలికే. మూడు షరతుల్లో ట్రాన్సిటివిటీకి (కకి చతో, చకి టతో సంబంధం ఉంటే కకి టతోనూ ఉండటం) మాత్రం త్రిభుజ అసమానత కావాలి, అంటే దూ(క, ట) ≤ దూ(క, చ) + దూ(చ, ట). అదీ ఒక్క లైను.

ఇప్పుడు మీ సందేహం. విజయవాడలో రెండు ఫ్లాట్ల మధ్య దూరం అంటే వాటి అపార్ట్‌మెంట్ల గేట్ల మధ్య రోడ్డు దూరం అనుకుందాం. (వన్‌వేల గొడవ వద్దు, సిమెట్రీ పోతుంది.) ఒకే అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాట్లన్నీ ఒక క్లాసు. మొగల్రాజపురం అపార్ట్‌మెంట్ నుంచి పటమట అపార్ట్‌మెంట్‌కి ఎంత దూరం అంటే, ఏ అంతస్తులో ఎవరి ఫ్లాట్ పట్టుకుని లెక్కేసినా జవాబు మారకూడదు. చూపాల్సింది అంతే. [క] నుంచి క′ని, [చ] నుంచి చ′ని తీసుకోండి:

దూ(క, చ) ≤ దూ(క, క′) + దూ(క′, చ′) + దూ(చ′, చ) = దూ(క′, చ′)

అటుదిటు మార్చి రాస్తే రెండోవైపూ వస్తుంది. కాబట్టి రెండూ సమానం.

ఇంత సులువుగా తేలేదాన్ని రాయడం ఎందుకంటారా? ప్రతిసారీ తేలదు కాబట్టి. 0 నుంచి 1 వరకు ఉన్న ఇంటిగ్రబుల్ ఫంక్షన్లు తీసుకుని, రెండింటి తేడా మాడ్యులస్‌కి ఇంటిగ్రల్ కట్టి దాన్నే దూరం అనండి. అంతటా సున్నా అయిన ఫంక్షన్ ఒకటి. ½ దగ్గర మాత్రం 1, మిగతాచోట్ల సున్నా అయినది ఇంకొకటి. వీటి మధ్య దూరం సున్నా, అంటే ఇద్దరిదీ ఒకే క్లాసు. మరి ఆ క్లాసుకి ½ దగ్గర విలువెంత? ఒకరిని అడిగితే 0, ఇంకొకరిని అడిగితే 1. ‘½ దగ్గర విలువ’ అనేది క్లాసు మీద వెల్ డిఫైన్డ్ కాదు. ఈ క్లాసులన్నీ కలిసిందే ఎల్-వన్ స్పేస్. ఇది బోర్డు మీద వేసినప్పుడు ఒకమ్మాయి, “అయితే ఎల్-వన్ స్పేస్‌లో ఉండేవి అసలు ఫంక్షన్లే కావన్నమాట, సార్” అంది. కావు. మాట వరసకి ఫంక్షన్లు అంటాం, ఉండేవి క్లాసులు.

మెట్రిక్ అని చూపడం ఇక మిగిలింది. 1906లో ఫ్రెంచి గణితవేత్త ఫ్రెషే మెట్రిక్‌కి పెట్టిన షరతుల్లో సూడోమెట్రిక్‌కి లోటు ఒక్కటే: దూరం సున్నా అయితే బిందువులు ఒకటే కావాలి. [క], [చ]ల మధ్య దూరం సున్నా అంటే దూ(క, చ) = 0, అంటే [క] = [చ]. మిగతా షరతులు పాత దూరం నుంచే వచ్చేస్తాయి.

మీ సిలబస్‌లో కంప్లీషన్ థీరమ్ (ఏ మెట్రిక్ స్పేస్‌నైనా కంప్లీట్ స్పేస్‌లో ఇమడ్చవచ్చనేది) ఉంటే ఇదే లెక్క మళ్లీ ఎదురవుతుంది. అక్కడ బిందువులు కోషీ సీక్వెన్సులు, అంటే పోనుపోను పదాలు ఒకదానికొకటి దగ్గరయ్యేవి. రెండు సీక్వెన్సుల మధ్య దూరం అంటే వాటి పదాల మధ్య దూరాల లిమిట్. అదీ సూడోమెట్రిక్కే, అక్కడా క్లాసులు కట్టాలి. కాకపోతే ముందు ఆ లిమిట్ ఉందని చూపాలి. పైన రాసిన అసమానతలో క′, చ′ల చోట అవే సీక్వెన్సుల్లోని ఇంకో పదాలు పెట్టండి, మొదటి, చివరి దూరాలు సున్నా అవడానికి బదులు చిన్నవవుతాయి, పని జరిగిపోతుంది.