మా వాడకట్టులో ముగ్గురికి క్యాన్సర్.. మా అమ్మాయి లెక్క తీస్తానంటోంది!

ప్రశ్న: మాది పరకాల. మా అమ్మాయి హనుమకొండలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్‌తో బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతోంది. మా వాడకట్టులో రెండేళ్లలో ముగ్గురికి క్యాన్సర్ బయటపడింది. మన దిక్కు నిజంగానే ఎక్కువుందా అని తేల్చే చదువే చదువుతానంటోంది. చుట్టాలేమో సాఫ్ట్‌వేర్ అంటున్నారు. ఇలాంటి కొలువులు ఉంటాయా? - ఒక తండ్రి

జవాబు: ఉంటాయి, కానీ తక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిమ్మళంగా మాట్లాడుకోవచ్చు.

ఈ చదువును ఎపిడెమియాలజీ అంటారు. క్యాన్సర్ లెక్కలు రాసే చోటు రిజిస్ట్రీ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1981లో జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని బెంగళూరులో ఉన్న ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌సీడీఐఆర్ చూస్తోంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రీ నిమ్స్‌లో ఉంది.

ముగ్గురు అన్నారు. ఎంతమందిలో ముగ్గురు? వాళ్లంతా అరవై దాటినవాళ్లా? వయసుతోపాటు క్యాన్సర్ పెరుగుతుంది కాబట్టి, వయసుల తేడా సరిచేశాకే లక్ష మందికి ఇంత అని చెప్తారు. ఏడాదిలో కొత్తగా బయటపడ్డవి ఇన్సిడెన్స్, ఇప్పటికే జబ్బుతో ఉన్నవాళ్ల లెక్క ప్రివలెన్స్. వైద్యం బాగుపడి మనుషులు ఎక్కువ కాలం బతికినా రెండోది పెరుగుతుంది. అది భయపడాల్సిన పెరుగుదల కాదు.

సూత్రాలు ఆర్నెల్లలో వస్తాయి. అసలు తిప్పలు అడ్రస్‌తోనే. మీ ఊరాయన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించుకుని, అక్కడి నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోయాడనుకోండి. రెండు చోట్లా కేస్‌షీట్ ఉంటుంది. ఒకదాంట్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే. వయసు ఒకచోట 52, ఇంకోచోట 55. ఒక్కరేనని పట్టుకోకపోతే ఇద్దరవుతారు. ట్రీట్‌మెంట్ కోసం చుట్టాలింట్లో ఉంటూ వాళ్ల అడ్రసే రాయిస్తే, ఆ కేసు హైదరాబాద్ ఖాతాలో పడుతుంది. 'వరంగల్ జిల్లా' అని ఉంటే ఏ వరంగల్? పరకాల 2016 దాకా పాత వరంగల్, తర్వాత వరంగల్ రూరల్, 2021 నుంచి హనుమకొండ. కేసుల్ని జనాభాతో భాగించడానికి చేతిలో ఉన్నది 2011 జనాభా లెక్కలు, అప్పటికి ఈ జిల్లాలే పుట్టలేదు. మండలాల వారీగా కూడుకుంటూ అంచనా కట్టాలి.

ఇలాంటి చిక్కుముళ్లు విప్పడం మీ అమ్మాయికి సరదా అయితే పంపండి. కోడింగ్ ఎవరైనా నేర్చుకుంటారు. ఫోన్ చేసి "అమ్మా, మీ ఊరు ఏ మండలం కిందికొస్తది?" అని పదోసారి కూడా ఓపికగా అడగడం అందరివల్లా కాదు.

పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేయడానికే నా ఓటు. ప్రజారోగ్యంలో పీజీ (ఎంపీహెచ్) చేయాలంటే హెచ్‌సీయూ, హైదరాబాద్ ఐఐపీహెచ్ ఉన్నాయి. రిజిస్ట్రీల్లో కాంట్రాక్టు పోస్టులే ఎక్కువ. అందుకే ఎమ్మెస్సీ అన్నాను. లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్లు ఆర్, సాస్ కూడా వస్తే క్లినికల్ ట్రయల్స్ కంపెనీల్లో దారి ఉంటుంది, చుట్టాల నోరూ మూతపడుతుంది.

ఒక్కటి మాత్రం చేయనివ్వకండి. ఇంటింటికీ పోయి 'మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా' అని అడగొద్దు. జబ్బు దాచుకునే ఇళ్లుంటాయి, పెళ్లికెదిగిన పిల్లలుంటారు. దానికి బదులు ఎన్‌సీడీఐఆర్ రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకుని, ఒక పట్టిక మీద ఎక్సెల్‌లో తనే రేటు కట్టి, అచ్చులో ఉన్న అంకెతో సరిచూసుకోమనండి. మొదటిసారి కలవకపోవచ్చు. ఎక్కడ తప్పిందో వెతుకుతూ అర్ధరాత్రి దాకా కూర్చుందా, ల్యాప్‌టాప్ మూసి పడుకుందా, మీరే చూస్తారు.