మేనకోడలికి ఉత్తరం: ఆన్ ఆర్బర్‌లో చదువు, మిషిగన్‌లో ఓటు

టాంపా,
2024 ఆగస్టు 18

చిరంజీవి సాహితికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఆన్ ఆర్బర్ చేరి గది సర్దుకున్నావని అమ్మ చెప్పింది. ఇద్దరు ప్రధాన అభ్యర్థులూ నచ్చనప్పుడు ఓటు ఎవరికి వెయ్యాలి, పీహెచ్‌డీ మొదటి ఏడాది ఎలా నెట్టుకురావాలి అని మొన్న నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకూ ఫోనులో నోటికొచ్చింది చెప్పడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. అమెరికాలో తెలుగు నేర్పే మనబడిలో నేర్చుకున్న తెలుగు దీనికి సరిపోతుందనుకుంటాను. ఎక్కడైనా కొరుకుడు పడకపోతే అమ్మ చేత చదివించుకో.

నువ్వు పెరిగిన కాలిఫోర్నియాలో అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్ పార్టీ చివరిసారి గెలిచింది 1988లో. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి ఆ రాష్ట్రానికి ఉన్న 54 ఎలక్టోరల్ ఓట్లు ఎటు పోతాయో పోలింగుకు ముందే అందరికీ తెలుసు కనుక, ఒళ్లు మండి మూడో పార్టీకి వేసినా దాని వల్ల ఎవరికీ లాభనష్టాలు ఉండవు. మిషిగన్ అలాంటిది కాదు. 2016లో అక్కడ గెలిచిన వారికీ ఓడిన వారికీ మధ్య తేడా 10,704 ఓట్లు. గ్రీన్ పార్టీకి పడినవి 51 వేల పైచిలుకు, లిబర్టేరియన్ పార్టీకి పడినవి అంతకు మూడింతలు. వాళ్లందరూ ఎటు వేసేవారో, అసలు ఇల్లు కదిలేవారో కాదో చెప్పలేము. అయినా ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా రాష్ట్రపు 15 ఎలక్టోరల్ ఓట్లూ ఒకరికే పోయే చోట, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో వేసినట్టు వేస్తే కుదరదు.

ఈ మాట పుస్తకాలు చదివి చెప్పడం లేదు. 2000 నాటికి నేను పౌరసత్వం తీసుకుని ఆరేళ్లయింది, ఉద్యోగం ఇదే టాంపాలో. రెండు పార్టీలూ ఒక తానులో ముక్కలే అని గట్టిగా నమ్మిన రోజులవి. గ్రీన్ పార్టీ అభ్యర్థి నేడర్‌కు ఓటు వేసి, మనసు చంపుకోలేదన్న తృప్తితో ఇంటికి వచ్చాను. ఫ్లోరిడాలో రిపబ్లికన్ అభ్యర్థి బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచారు, నేడర్‌కు 97,488 పడ్డాయి, ఆ రాష్ట్రంతోనే అధ్యక్ష పదవి తేలిపోయింది. నా ఒక్క ఓటు దాన్ని మార్చేది కాదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ 'ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పదంటే ఎవరు?' అని ఆ ముందు రోజు ఎవరైనా నన్ను నిలదీసి ఉంటే, డెమోక్రటిక్ అభ్యర్థి గోర్ అని క్షణం ఆలోచించకుండా చెప్పేవాణ్ణి. ఆ ప్రశ్న నేనే వేసుకోలేదు, నా తప్పు అంతే. మీ నాన్నను అడిగితే 2009లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజారాజ్యం వచ్చి ఓట్లు చీల్చిందా లేదా అన్న వాదన మొదలుపెడతారు. భోజనాల వేళ మాత్రం అడగకు.

కనుక నిన్ను నువ్వు ఆ ప్రశ్న అడుగు. నువ్వు పనిచేసే రంగంలో పరిశోధనలకు డబ్బు ఎవరి హయాంలో వస్తుంది, నీ ప్రయోగశాలలో విదేశీ విద్యార్థుల వీసాల సంగతి ఏమవుతుంది, నిన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వని ఆ గాజా యుద్ధం విషయంలో ఎవరు కాస్తైనా వినే అవకాశం ఉంది అని ఒక్కొక్కటీ చూసుకో. ఇద్దరూ సమానంగా చెడ్డవారిగా కనిపించడం చాలా అరుదు. నిరసన చూపడానికి చోటు లేదని కాదు: ఈ ఫిబ్రవరిలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే మిషిగన్ డెమోక్రటిక్ ప్రైమరీలో లక్ష మందికి పైగా ఎవరికీ కట్టుబడలేదని ఓటు వేశారు, అభ్యర్థి ఇంకా ఖరారు కాని ఆ దశలో అది అర్థవంతమైన పని. నవంబరు 5న అడిగే ప్రశ్న వేరు. మన ఇండియాలో ఉన్న నోటా కూడా అక్కడి బ్యాలెట్‌లో ఉండదు.

బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకరు రిపబ్లికన్ ఉపాధ్యక్ష అభ్యర్థి భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి అని, మరొకరు డెమోక్రటిక్ అభ్యర్థి కమలా హారిస్ తల్లి చెన్నై నుంచి వచ్చారని మురిసిపోతున్నారు. మురిసిపోనీ. అది పెళ్లి సంబంధం చూసే పద్ధతి, ఓటు వేసే పద్ధతి కాదు.

చదువుకోవడానికి వెళ్లిన ఊళ్లో ఓటు వెయ్యడం న్యాయమేనా అని అడిగావు. చదువుకునే చోటే నమోదు చేసుకునే హక్కు విద్యార్థులకు ఉందని 1979లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. పైగా నీ పీహెచ్‌డీకి అయిదేళ్లు పడితే 2028 ఎన్నిక నాటికీ అక్కడే ఉంటావు. అక్టోబరు 21 దాకా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు, ఆ తరువాతైతే చిరునామా రుజువు పట్టుకుని సిటీ క్లర్కు ఆఫీసుకు వెళ్లాలి. ఇంకో ముఖ్యమైన సంగతి నీకు కాదు, నీతో ఉంటున్న గుంటూరు అమ్మాయికి: డ్రైవింగ్ లైసెన్సుకు వెళ్లినప్పుడు ఓటరు నమోదు గురించి అడిగితే తను పౌరురాలిని కానని స్పష్టంగా చెప్పాలి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవారు కూడా ఓటు వెయ్యకూడదు. చూడకుండా పెట్టిన ఒక్క టిక్కు దేశం నుంచి పంపించేసే దాకా తీసుకెళ్లగలదు.

బ్యాలెట్‌లో పై వరస నింపి వచ్చేయకు. మీ విశ్వవిద్యాలయాన్ని నడిపే ఎనిమిది మంది రీజెంట్లను రాష్ట్ర ప్రజలే ఎన్నుకుంటారు, రెండేళ్లకు ఇద్దరి చొప్పున, ఎనిమిదేళ్ల పదవీకాలానికి. నీ ఫీజు, నువ్వు క్లాసులు చెప్పినందుకు వచ్చే జీతం, క్లాసులు చెప్పే విద్యార్థుల సంఘంతో కుదిరే ఒప్పందం అన్నీ చివరికి వాళ్ల గుమ్మం దగ్గరికే చేరతాయి. అధ్యక్షుడి విషయంలో నిద్ర మానుకునే విద్యార్థులు ఈ రెండు పేర్లు చదవకుండానే గుర్తు పెడతారు.

ఇక చదువు. గైడును ఎంచుకోవడంలోనూ నేను ఇదే పొరపాటు చేశాను, అందుకే చెబుతున్నాను. నేను చదివిన చోట పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గరే చేరాలని పట్టుబట్టాను. ఆయన నెలలో ఇరవై రోజులు ప్రయాణాల్లో ఉండేవారు, నా కాగితాలు ఆయన బల్ల మీద ముగ్గిపోయేవి. ఏడాదిన్నర పోయాక, అప్పుడే చేరిన ఒక కుర్ర ప్రొఫెసర్ దగ్గరికి మారితే రెండున్నరేళ్లలో థీసిస్ పూర్తయింది. నీకు నచ్చే లక్షణాలన్నీ ఉన్న గైడు ఆ డిపార్ట్‌మెంట్‌లో లేకపోవచ్చు, ఉన్నవాళ్లలో వారానికి ఒక గంట నీకు ఇచ్చేవారెవరో చూడు. ఆయన దగ్గర మూడో ఏడాది, నాలుగో ఏడాది చదువుతున్న పిల్లలను విడిగా కాఫీకి పిలిచి, రాసింది ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారు, డబ్బు అయిపోయినప్పుడు ఏం చేశారు అని అడుగు. వాళ్లు ఆలోచించి, మాటలు వెతుక్కుని చెబితే అది కూడా జవాబే.

మొదటి సెమిస్టర్‌లో అందరూ నీకంటే తెలివైనవాళ్లుగా కనిపిస్తారు, దానికి మందు లేదు. కోర్సులు తక్కువ తీసుకో. వచ్చే ఏడాది ఇంటి లీజుల కోసం అక్కడ శరదృతువులోనే వెతుకులాట మొదలవుతుందట, ముందుగా సీనియర్లను కనుక్కో. మంచు బూట్లు కొన్నావా?

అక్టోబరులో నమూనా బ్యాలెట్ చూడగానే ఫోన్ చెయ్యి, రీజెంట్ల పేర్లు, రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీల పేర్లు కలిసి చదువుదాం. అధ్యక్షుడిగా ఎవరికి వేశావో మాత్రం నాకు చెప్పనక్కర్లేదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య